పర్యావరణ అనుమతిని హరిత ట్రిబ్యునల్‌లో సవాలు చేయడం ఎలా?

ఒక ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని సవాలు చేయడానికి చట్టం మీకిచ్చిన గడువు 30 రోజులు. ఆలస్యానికి తగిన కారణం చూపగలిగితే మరో 60 రోజుల వరకు మన్నిస్తారు. 91వ రోజున వెళ్తే, మీ చెరువు కళ్లముందే పూడిపోతున్నా, కంపెనీ సమర్పించిన నివేదిక మొత్తం అబద్ధమే అయినా, జాతీయ హరిత ట్రిబ్యునల్ మీ అప్పీలును స్వీకరించలేదు. అంతకు మించి మన్నించే అధికారం దానికి లేదు. అందువల్ల ఈ వ్యాసంలో వాదన కంటే తేదీల గురించి, కాగితాల గురించి ఎక్కువగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తాయి కాబట్టి ఈ రెండు రాష్ట్రాల పాఠకులను దృష్టిలో పెట్టుకొని దీన్ని రాస్తున్నాను.

ఈ ట్రిబ్యునల్ రావడం వెనుక హైదరాబాద్ జంట జలాశయాల పాత్ర కూడా ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతంలో ఒక నూనె పరిశ్రమ పెట్టవచ్చా లేదా అన్న వివాదంలో 1999లో తీర్పు ఇస్తూ సుప్రీం కోర్టు, ఇలాంటి శాస్త్రసంబంధమైన ప్రశ్నలను తేల్చడానికి నిపుణులు కూడా సభ్యులుగా ఉండే ప్రత్యేక పర్యావరణ న్యాయస్థానాలు అవసరమని చెప్పింది. 2010లో చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 18న ట్రిబ్యునల్ ఏర్పడింది. న్యాయ సభ్యుడి పక్కన నిపుణ సభ్యుడు కూర్చుంటారన్న సంగతి మీరు పిటిషన్ రాసేటప్పుడు గుర్తుంచుకోండి. భావోద్వేగంతో నిండిన పది పేజీల కన్నా ఒక భూగర్భ జలమట్టపు పట్టిక అక్కడ బాగా పనిచేస్తుంది.

మీరు దేన్ని సవాలు చేస్తున్నారో ముందు తేల్చుకోండి

బయటి నుంచి చూసేవారికి అన్నీ ఒకే రకం కేసులుగా కనిపిస్తాయి గానీ, చట్టం దృష్టిలో అవి మూడు వేర్వేరు దారులు. కేంద్ర పర్యావరణ శాఖ గానీ, రాష్ట్రస్థాయి పర్యావరణ ప్రభావ మదింపు అథారిటీ గానీ ఇచ్చిన అనుమతి పత్రం మీద మీకు అభ్యంతరం ఉంటే, అది 16వ సెక్షన్ కింద వేసే అప్పీలు. మొదట చెప్పిన 30 రోజుల గడువు దీనికే వర్తిస్తుంది. అసలు అనుమతే లేకుండా పనులు మొదలుపెడితే, లేదా అనుమతిలోని షరతులను ఉల్లంఘిస్తూ ఉంటే, 14వ సెక్షన్ కింద దరఖాస్తు వేయాలి. వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, తగిన కారణం ఉంటే మరో 60 రోజులు గడువు ఉంటుంది. కాలుష్యం వల్ల పంట పోయినా, పశువులు చనిపోయినా, ఆరోగ్యం దెబ్బతిన్నా పరిహారం కోసం, దెబ్బతిన్న నేలను, నీటిని బాగు చేయించడం కోసం వేసేది 15వ సెక్షన్ దరఖాస్తు; దానికి ఐదేళ్ల గడువు ఉంది.

రాయలసీమ ఎత్తిపోతల పథకం కేసు రెండో కోవలోకి వస్తుంది. అది పాత పథకానికి చేస్తున్న మెరుగులే తప్ప కొత్తది కాదనీ, కాబట్టి పర్యావరణ అనుమతి అవసరం లేదనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాదించింది. తెలంగాణలోని నారాయణపేట జిల్లాకు చెందిన ఒక పౌరుడు వేసిన దరఖాస్తుపై చెన్నై ధర్మాసనం 2020 అక్టోబరు 29న, అనుమతి లేకుండా ముందుకు వెళ్లరాదని ఆదేశించింది. రెండు రాష్ట్రాల నీటి తగాదాలో ఎవరి పక్షం న్యాయమన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఒక రాష్ట్ర ప్రభుత్వానికి ఎదురుగా నిలబడి ఆ ఉత్తర్వు తెచ్చుకోవడానికి ఒక్క దరఖాస్తుదారు సరిపోయాడు.

కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే కన్సెంట్ (పరిశ్రమ పెట్టడానికి, నడపడానికి ఇచ్చే సమ్మతి) మీద మీకు అభ్యంతరం ఉంటే మాత్రం నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లకండి. నీటి చట్టం, గాలి చట్టం ప్రకారం ముందుగా రాష్ట్రంలోని అప్పిలేట్ అథారిటీ దగ్గర అప్పీలు చేసుకోవాలి. ట్రిబ్యునల్ ఆ తర్వాతి మెట్టు. ఇంకొక పరిమితి కూడా ఉంది. ట్రిబ్యునల్ అధికార పరిధి చట్టం షెడ్యూలులో పేర్కొన్న ఏడు చట్టాలకే పరిమితం, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ఏడింటిలో లేదు.

30 రోజులు ఎప్పటి నుంచి?

అనుమతి పత్రంపై ఉన్న తేదీ నుంచి కాదు, అది ప్రజలకు తెలియజేసిన తేదీ నుంచి. తెలియజేయవలసిన బాధ్యత ముగ్గురి మీద ఉంది. అనుమతి ఇచ్చిన సంస్థ దాన్ని తన వెబ్‌సైటులో పెట్టాలి. ప్రాజెక్టు యాజమాన్యం తన ఖర్చుతో స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. పంచాయతీకి, ఇతర స్థానిక సంస్థలకు ప్రతులు పంపాలి; అవి వాటిని 30 రోజుల పాటు ప్రదర్శించాలి. ఈ ముగ్గురిలో ఎవరు ముందుగా తమ బాధ్యతను సక్రమంగా పూర్తి చేస్తే, ఆ తేదీ నుంచే గడువు లెక్క మొదలవుతుంది. పంచాయతీ నోటీసు బోర్డు మీద ఇంకా అతికించలేదు కదా అనుకొని ధీమాగా ఉండకండి. అంతకు నెల ముందే వెబ్‌సైటులో పూర్తి పత్రం పెట్టి ఉంటే, మీకు తెలియకుండానే గడువు కరిగిపోయి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. జూన్ 1న అనుమతి పత్రం షరతులతో సహా వెబ్‌సైటులోకి వచ్చిందనుకుందాం. జూలై 1 నాటికి 30 రోజులు పూర్తవుతాయి. ఆగస్టు 30తో 90 రోజులు నిండుతాయి, ఆ తర్వాత తలుపు మూసుకుపోయినట్లే. జూలై 2 నుంచి ఆగస్టు 30 లోపు వేస్తే, అప్పీలుతో పాటు ఆలస్యాన్ని మన్నించమని కోరే వేరే పిటిషన్ కూడా ఉండాలి. అందులో "మాకు తెలియదు" అని ఒక్క ముక్కలో రాస్తే సరిపోదు. ఏ తేదీన, ఎవరి ద్వారా, ఎలా తెలిసిందో, ఆ తర్వాత పత్రాల కోసం ఎక్కడెక్కడ తిరిగారో వరుసగా చెప్పాలి. పంచాయతీ కార్యదర్శిని కలిసి, ప్రతి అందిందా, ఏ తేదీన అందింది, బోర్డుపై పెట్టారా అని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి. పత్రికా ప్రకటన కోసం జిల్లా ఎడిషన్లు తిరగేయండి. అది తరచుగా టెండరు నోటీసుల మధ్య చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

సమాచార హక్కు చట్టం గురించి ఒక మాట చెప్పాలి. దరఖాస్తుకు జవాబివ్వడానికి అధికారికి 30 రోజులు, అప్పీలు వేయడానికి మీకు 30 రోజులు. ఈ రెండు లెక్కలూ ఎదురెదురుగా పెట్టి చూస్తే, అనుమతి వచ్చాక సమాచారం అడగడం మొదలుపెట్టినవారి పరిస్థితి ఏమిటో అర్థమవుతుంది. ఆ దరఖాస్తు వేయవలసింది ప్రజాభిప్రాయ సేకరణ ముగిసిన వారంలోనే. రుసుము ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయంలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు.

కాగితాలు

కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరుతో గానీ ప్రతిపాదన సంఖ్యతో గానీ వెతికితే చాలా పత్రాలు దొరుకుతాయి. అనుమతి పత్రం ఒక్కటే దించుకొని ఊరుకోకండి. కంపెనీ మొదట నింపి ఇచ్చిన ఫారం 1, అధ్యయనానికి నిర్దేశించిన అంశాల పత్రం, పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్, నిపుణుల మదింపు కమిటీ సమావేశాల మినిట్స్, ఈ ఐదూ అనుమతి పత్రంతో కలిపి మీ దగ్గర ఉండాలి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టుకొని చదవండి. ఫారం 1లో "సమీపంలో జలవనరులు లేవు" అని ఉండి, నివేదిక అనుబంధంలోని పటంలో చెరువు కనబడితే, మీ కేసులో సగం అక్కడే ఉంది.

ఇక మీ వైపు సాక్ష్యం. అడంగల్ లేదా పహాణీ నకళ్లు, గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరువారీ పొలం కొలతల పటం), నీటిపారుదల శాఖ రికార్డుల్లో చెరువు పూర్తి నీటిమట్టం హద్దులు, వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు, తేదీ పడిన ఫొటోలు. సాక్ష్య చట్టం నిబంధనలు ట్రిబ్యునల్‌ను యథాతథంగా కట్టిపడేయవు కాబట్టి సాంకేతిక కారణాలతో ఇవి తేలిగ్గా పక్కకు పోవు. అయినా ప్రతి ఫొటో ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారో రాసి పెట్టుకోవడం మంచిది.

ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడినది కాదు, నమోదైనదే మిగులుతుంది

చాలా ఊళ్లలో ఈ సభ టెంటు, పోలీసులు, నినాదాల మధ్య ముగిసిపోతుంది. సభను బహిష్కరించి వచ్చామని గర్వంగా చెప్పుకునేవాళ్లను నేను తప్పు పట్టను, కానీ బహిష్కరించినవాళ్ల అభ్యంతరం మినిట్స్‌లో కనబడదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ అందుబాటులో ఉండాలి. కలెక్టర్ గానీ, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివరలో అభ్యంతరాల సారాంశాన్ని తెలుగులో సభకు చదివి వినిపించాలి. వీటిలో ఏది జరగకపోయినా అది మీ అప్పీలుకు ఒక ఆధారం అవుతుంది.

అందువల్ల సభకు వెళ్లేటప్పుడు అభ్యంతరాలను రెండు ప్రతులుగా రాసుకొని వెళ్లండి. ఒకటి కాలుష్య నియంత్రణ మండలి అధికారికి ఇచ్చి, రెండోదానిపై తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి నిరాకరిస్తే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. చదివి వినిపించిన సారాంశంలో మీ అంశం లేకపోతే, లేచి అక్కడే ఆ మాట చెప్పండి; కెమెరా తిరుగుతూనే ఉంటుంది. కొన్ని రకాల ప్రాజెక్టులకు, ముఖ్యంగా భవన నిర్మాణాలకు, నోటిఫికేషనే ఈ సభ నుంచి మినహాయింపు ఇచ్చిందని కూడా తెలుసుకోండి. అలాంటి చోట సభ జరగలేదన్న వాదన నిలబడదు.

వాదన దేనిమీద నిలబడాలి?

"ఈ పరిశ్రమ మాకు వద్దు" అన్నది రాజకీయ డిమాండు, దానికి చోటు వేరే ఉంది. ట్రిబ్యునల్ ముందు నిలబడేది నిర్ణయం తీసుకున్న పద్ధతిలోని లోపం: దాచిన వాస్తవం, తప్పుడు సమాచారం, జరగని అధ్యయనం, కారణాలు రాయని కమిటీ.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దీనికి మరచిపోలేని ఉదాహరణ. బీల అని స్థానికులు పిలిచే చిత్తడి నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టడానికి అనుమతి ఇచ్చారు. మత్స్యకారులకు, రైతులకు ఏడాది పొడవునా బతుకునిచ్చే ఆ నేల కాగితాల మీద పనికిరాని భూమిగా మారిపోయింది. 2010 జూలై 14న ఊరివాళ్లపై పోలీసులు కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. సరిగ్గా అదే రోజున, హరిత ట్రిబ్యునల్‌కు ముందున్న జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఉద్యమం వీధిలో ఎంత గట్టిగా నడిచినా, దానికి సమాంతరంగా ఎవరో ఓపికగా అప్పీలు నడిపి ఉండకపోతే ఆ రద్దు ఉత్తర్వు వచ్చేది కాదు.

గోవాలోని మోపా విమానాశ్రయం కేసులో 2019 మార్చిలో సుప్రీం కోర్టు, ఫారం 1లో కీలకమైన వివరాలు దాచారనీ, నిపుణుల కమిటీ తన సిఫార్సుకు కారణాలు చెప్పలేదనీ తప్పుపట్టి అనుమతిని నిలిపివేసింది. అయితే 2020 జనవరిలో, మరిన్ని షరతులతో అదే కోర్టు ఆ ప్రాజెక్టుకు దారి ఇచ్చింది. అమరావతి కేసులోనూ 2017 నవంబరులో ట్రిబ్యునల్ అనుమతిని రద్దు చేయకుండా షరతులు చేర్చింది. నా అంచనాలో రద్దు అరుదు, అదనపు షరతులే తరచుగా దొరుకుతాయి. కాబట్టి అప్పీలులో రద్దు ఒక్కటే అడగకండి. రద్దు చేయని పక్షంలో ఏ ఏ రక్షణలు కావాలో, ఎన్ని మీటర్ల బఫర్, ఏ వాగు మీద ఎక్కడ నీటి నాణ్యత కొలిచే కేంద్రం, ఎవరి పర్యవేక్షణ అన్నది కచ్చితంగా రాయండి. అడగనిది ఎవరూ ఇవ్వరు.

ఎవరు వేయాలి, ఎక్కడ వేయాలి?

నష్టపోయే ఏ వ్యక్తి అయినా, ప్రాతినిధ్య సంస్థ అయినా వేయవచ్చు. పర్యావరణం విషయంలో నష్టపోయినవారు అన్న మాటను విశాలంగానే చూస్తారు. అయినా ఒక్కరి పేరుతో వేయకండి. ఒత్తిడి వల్లనో, ప్రలోభం వల్లనో ఆ ఒక్కరు వెనక్కి తీసుకుంటే కేసు అక్కడితో ముగుస్తుంది, అప్పటికి మిగతావాళ్లకు గడువు దాటిపోయి ఉంటుంది. ముగ్గురు నలుగురు వ్యక్తులు, వీలైతే వారితో పాటు ఒక రైతు సంఘమో మత్స్యకారుల సొసైటీయో కలిసి వేయడం క్షేమం.

హైకోర్టుకు వెళ్లకూడదా అంటే వెళ్లవచ్చు. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకున్న అధికారాన్ని ట్రిబ్యునల్ చట్టం తీసివేయలేదని సుప్రీం కోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. కానీ చట్టంలో అప్పీలు దారి ఉన్నప్పుడు ముందు అక్కడికే వెళ్లమని హైకోర్టు పంపే అవకాశం ఎక్కువ, ఆ తిరుగుడులో మీ 90 రోజులు పోకుండా చూసుకోండి. రెండు చోట్లా ఒకేసారి నడపడం మరీ ప్రమాదం. విశాఖ రుషికొండ నిర్మాణాలపై హైకోర్టులోనూ ట్రిబ్యునల్‌లోనూ వ్యవహారం నడిచినప్పుడు, 2022 జూన్ 1న సుప్రీం కోర్టు ట్రిబ్యునల్‌లోని విచారణను కొట్టివేసి, హైకోర్టు ఉత్తర్వులే వర్తిస్తాయని తేల్చింది.

దాఖలు చేయడం

అప్పీలును, 14వ సెక్షన్ దరఖాస్తును ఫారం 1లో, పరిహార దరఖాస్తును ఫారం 2లో వేయాలి. పర్యావరణ అనుమతి కోసం కంపెనీ నింపే ఫారం 1 వేరు, ఇది వేరు. పేర్లు కలవడంతో చాలామంది తికమకపడతారు. పరిహారం అడగని కేసుకు రుసుము 1,000 రూపాయలు. పరిహారం అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం, కనీసం 1,000 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. తెలుగు పత్రాలన్నింటికీ ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. పహాణీ నుంచి సభ మినిట్స్ వరకు అన్నీ తెలుగులోనే ఉంటాయి కాబట్టి ఈ పని మీరు అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు తీసుకుంటుంది. మొదటి వారంలోనే ఎవరికైనా అప్పగించండి. ప్రతివాదుల్లో అనుమతి ఇచ్చిన సంస్థ, కాలుష్య నియంత్రణ మండలి, జిల్లా కలెక్టర్, ప్రాజెక్టు యాజమాన్యం తప్పనిసరిగా ఉండాలి.

ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణకు హాజరుకావచ్చు. ఇచ్ఛాపురం నుంచో ఆదిలాబాద్ నుంచో ప్రతి వాయిదాకూ చెన్నై రైలెక్కవలసిన అవసరం అలా కొంత తప్పింది. మీ కేసు మీరే వాదించుకోవడానికి చట్టం అనుమతిస్తుంది, కానీ ఎదుటి పక్షంలో సీనియర్ న్యాయవాదులు ఉంటారు. మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పిటిషనర్లుగా ఎవరుండాలో నిర్ణయించేటప్పుడు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి.

స్టే గురించి, కమిటీ గురించి

ప్రధాన అప్పీలుతో పాటే, పనులు ఆపమని కోరే మధ్యంతర పిటిషన్ వేయండి. ఆర్నెల్లలో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో ఏళ్లు పట్టవచ్చు. కాళేశ్వరం పథకంలో 2017 అక్టోబరులో ట్రిబ్యునల్ పనులు ఆపమంది, నవంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది, డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చేసింది. 2019 జూన్‌లో ప్రారంభోత్సవం జరిగిపోయింది. పనులు మొదలయ్యాక అనుమతి ఇవ్వడం చట్ట ఉల్లంఘనే అని ట్రిబ్యునల్ తేల్చింది 2020 అక్టోబరు 20న! అప్పటికి ఆ మాట వల్ల ఏ ఊరు ముంపు నుంచి వెనక్కి వస్తుంది? పనులైపోయాక ఇచ్చే అనుమతుల చెల్లుబాటుపై సుప్రీం కోర్టులోనే నిలకడ లేదు. 2025 మేలో అవి చెల్లవని ఇచ్చిన తీర్పును అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2:1 మెజారిటీతో వెనక్కి తీసుకుంది. కాబట్టి మధ్యంతర ఉత్తర్వు కోసం మొదటి వాయిదాలోనే గట్టిగా అడగాలి. చెట్ల నరికివేత, నేల చదును, చెరువు పూడ్చివేత వంటి తిరిగి సరిదిద్దలేని పనులు ఏ తేదీన మొదలుకానున్నాయో చూపగలిగితే అవకాశం పెరుగుతుంది.

విచారణలో ట్రిబ్యునల్ తరచుగా ఒక సంయుక్త కమిటీని వేస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి, రెవెన్యూ, నీటిపారుదల శాఖల అధికారులు స్థలం చూసి నివేదిక ఇస్తారు. మీ కేసు గతిని చాలావరకు ఆ నివేదికే నిర్ణయిస్తుంది. పర్యటన తేదీ ముందుగా తెలియజేయాలని న్యాయవాది ద్వారా అడిగించండి. ఆ రోజు నలుగురే వెళ్లి, మర్యాదగా, చూపించవలసిన చోట్లన్నీ పటం పట్టుకొని చూపించండి. తీసే నీటి నమూనా ఎక్కడిదో ఫొటో తీసుకోండి. నివేదిక మీకు వ్యతిరేకంగా వస్తే పేరా పేరాకూ రాతపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేయండి. తీర్పు చెప్పే బాధ్యతను ట్రిబ్యునల్ కమిటీల మీదికి నెట్టివేయకూడదని సుప్రీం కోర్టు 2022లో ఒక గుజరాత్ కేసులో చెప్పింది. ఆ మాట మీ అభ్యంతరానికి అండగా ఉంటుంది.

తీర్పు తర్వాత

ఓడిపోతే సుప్రీం కోర్టుకు వెళ్లడానికి 90 రోజుల గడువు ఉంది. గెలిచినా, షరతులు మాత్రమే దక్కినా, ఉత్తర్వు అమలు కాకపోతే దాన్ని సివిల్ కోర్టు డిక్రీలాగా అమలు చేయించమని ట్రిబ్యునల్‌నే కోరవచ్చు. షరతులు ఎలా పాటిస్తున్నారో ప్రాజెక్టు యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. ఆ రెండు తేదీలను కూడా మీ క్యాలెండరులో గుర్తు పెట్టుకొని, నివేదిక తెప్పించుకొని, వెళ్లి వాగులో చూసినదానితో పోల్చండి. తేడా కనబడిన రోజు నుంచి కొత్త ఆరు నెలల లెక్క మొదలైనట్లే భావించి పని మొదలుపెట్టండి.